ఐసు రోడ్డు మీద స్పోర్ట్స్ కారు ఎందుకు అదుపు తప్పుతుంది

సంక్షిప్తంగా: కారు అదుపు అంతా నాలుగు టైర్లు నేలను తాకే చోట ఉంటుంది. ఒక్కో టైరు కింద ఆ చోటు అరచేయంత. పొడి తారు రోడ్డు మీద దొరికే పట్టులో దాదాపు ఎనిమిదో వంతే ఐసు మీద మిగులుతుంది. వెనక చక్రాలతో నడిచే స్పోర్ట్స్ కారు, అందులోనూ ఎండాకాలం టైర్లు వేసుకున్నది, ఆ మిగిలిన పట్టును మామూలు కారు కంటే తొందరగా ఖర్చు చేస్తుంది. దక్షిణ తెలంగాణలో ఐసు పడదు కానీ ఇక్కడి నుంచి వెళ్లిన వేలమంది చలిదేశాల్లో కార్లు నడుపుతున్నారు. ఇదే పట్టు లెక్క వడ్లు ఆరబోసిన మన రోడ్లకూ, తడిసిన ఘాట్ మలుపులకూ వర్తిస్తుంది.

నవంబర్ నుంచి మార్చి దాకా అమెరికాలో చలికాలం. ఆ నెలల్లో నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు ఇళ్లకు వచ్చే వాట్సాప్ కాల్స్‌లో ఒక మాట అప్పుడప్పుడూ వినపడుతుంది: "కారు స్కిడ్ అయింది, నాకేం కాలేదు." వెంటనే ఇక్కడి నుంచి వెళ్లే ప్రశ్న కూడా దాదాపు ఒకటే: "గంత స్పీడుగ ఎందుకు పోయినవ్ బిడ్డా?" "ముప్పై మైళ్ల మీదనే పోయిన నాయినా" అని అటునుంచి జవాబు. ముప్పై మైళ్లంటే గంటకు 50 కిలోమీటర్ల లోపే. ఇంట్లో ఎవరికీ నమ్మబుద్ధి కాదు. హైవే మీద ఆర్టీసీ బస్సు కూడా అంతకంటే వేగంగా పోతుంది కదా.

ఇక్కడ ఇద్దరి మాటా నిజమే. మనకు తెలిసిన రోడ్డుకు ఆ వేగం చాలా తక్కువ, ఆ పూట ఆ రోడ్డుకు మాత్రం చాలా ఎక్కువ. ఎంత ఎక్కువో లెక్క వేస్తేనే తెలుస్తుంది.

"మంచు" అనే ఒక్క మాట

గందరగోళం కొంత మన మాటలోనే ఉంది. తెలుగులో తెల్లవారుజామున గడ్డి మీద నిలిచే తేమ మంచే, చిట్యాల, నార్కట్‌పల్లి దగ్గర 65వ జాతీయ రహదారిని కప్పేసేదీ మంచే, అమెరికాలో దూదిలా రాలేదీ మంచే, రోడ్డు మీద గాజుపలకలా గట్టిపడేదీ మంచే. "ఇక్కడ బాగా మంచు పడుతోంది" అని కొడుకు చెప్తే, చలికాలం పొద్దున విజయవాడ రోడ్డు మీద కనిపించే పొగమంచే తండ్రి కళ్లముందు మెదులుతుంది. అందుకే "లైట్లు వేసుకుని మెల్లగ పో" అని సలహా ఇస్తాడు.

పొగమంచులో చూపుకే ఇబ్బంది. కింద రోడ్డు మామూలుగానే ఉంటుంది, బ్రేకు వేస్తే బండి ఆగుతుంది. రాలే మంచు మెత్తగా ఉన్నప్పుడు టైరు దాంట్లోకి దిగి కాస్త పట్టు సంపాదించుకుంటుంది. అదే మంచు బండ్ల కింద నలిగి గట్టిపడితే పట్టు ఇంకా తగ్గుతుంది. అన్నిటికంటే మోసకారి బ్లాక్ ఐస్. పేరులో నలుపు ఉన్నా దానికి రంగే లేదు. తారు మీద పల్చగా, పారదర్శకంగా గడ్డకట్టిన నీటి పొర అది. కింది తారు నలుపే పైకి కనిపిస్తుంది కాబట్టి, తడి రోడ్డో మామూలు రోడ్డో అనుకుని బండి దాని మీదికి ఎక్కుతుంది. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, ముందు రోడ్డు స్పష్టంగా కనిపిస్తుంది. పొగమంచుకు పూర్తిగా వ్యతిరేకం ఇది: చూపుకు ఏ ఇబ్బందీ లేదు, పట్టు మాత్రం పోయింది. ఇకపై ఈ వ్యాసంలో గడ్డకట్టిన పొరను ఐసు అనే పిలుద్దాం.

50 కిలోమీటర్ల వేగం, రెండు రోడ్లు

టైరుకూ నేలకూ మధ్య పట్టును ఘర్షణ గుణకం అనే అంకెతో కొలుస్తారు. మంచి పొడి తారు మీద ఇది 0.8 దరిదాపుల్లో ఉంటుంది. తడి రోడ్డు మీద 0.5 ప్రాంతానికి, గట్టిపడ్డ మంచు మీద 0.2, 0.3 మధ్యకు, ఐసు మీద 0.1కి దిగుతుంది. ఐసు కరగబోయే దశలో పైన నీటి పొర ఉంటే 0.05కి కూడా పడిపోవచ్చు.

ఈ అంకెలను దూరాల్లోకి మారిస్తే విషయం తేటపడుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారుకు పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే దాదాపు 12 మీటర్లలో ఆగుతుంది. సుమారుగా ఒక ఆర్టీసీ బస్సు పొడవు. అదే కారు, అదే వేగం, ఐసు మీద అయితే 98 మీటర్లు కావాలి. ఎనిమిది బస్సులు ఒకదాని వెనక ఒకటి నిలబెట్టినంత దూరం. డ్రైవర్ ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు మీద కాలు పెట్టేలోపు గడిచే సెకనున్నరలో పోయే 20 మీటర్లు ఇందులో కలపలేదు.

వేగం రెట్టింపయితే ఆగే దూరం నాలుగింతలవుతుంది. 100 కిలోమీటర్ల వేగంలో పొడి రోడ్డుకు 49 మీటర్లు, ఐసుకు 390 మీటర్ల పైన. హెడ్‌లైట్ల వెలుగు అంత దూరం అందదు. అంటే రాత్రిపూట ఐసు రోడ్డు మీద ఆ వేగంతో వెళ్లేవారికి, ముందు ఏదైనా అడ్డం కనిపించే సరికే ఆపే అవకాశం దాటిపోయి ఉంటుంది.

మలుపుల్లోనూ ఇంతే. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును పొడి రోడ్డు మీద, సిద్ధాంతపరంగా, 70 కిలోమీటర్ల వేగంతో తిరగవచ్చు. ఐసు మీద ఆ హద్దు 25. ఏటవాలు సంగతి ఇంకా విచిత్రం. వంద మీటర్లకు ఐదు మీటర్లు దిగే రోడ్డు మీద తడి ఐసు ఉంటే, ఆపి బ్రేకు వేసి ఉంచిన కారు కూడా తనంతట తాను కిందికి జారిపోగలదు. అలాంటి చోట కారు జారడానికి డ్రైవర్ ఏ తప్పూ చేయనక్కర్లేదు.

ఐసు ఎందుకింత జారుతుందన్న ప్రశ్న పాతదే. బరువు వల్ల ఐసు కరిగి నీరవుతుందని చాలాకాలం చెప్పుకున్నారు. కారు బరువుకు కలిగే ఒత్తిడి అందుకు ఏమాత్రం చాలదు. ఐసు పైపొరలోని అణువులు లోపలి అణువుల్లా గట్టిగా కట్టుబడి ఉండవని, అక్కడ నీటిలాంటి పల్చటి పొర ఎప్పుడూ ఉంటుందని శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1850 ప్రాంతంలోనే సూచించారు. దానికి టైరు రాపిడి వల్ల పుట్టే వేడి తోడవుతుంది. చలి బాగా ముదిరి మైనస్ 20 డిగ్రీలకు దిగితే ఈ పొర పల్చబడి, ఐసు కాస్త గరుకుగా మారుతుంది. సున్నా డిగ్రీల చుట్టుపక్కల ఉన్నప్పుడే అది అన్నిటికంటే జారుతుంది. "ఈరోజు చలి తగ్గింది" అని ఊపిరి పీల్చుకునే రోజే రోడ్డు మరింత ప్రమాదకరంగా ఉండటానికి కారణం ఇదే.

మన దగ్గర ఐసు లేదు, వడ్లున్నాయి

ఈ జారుడు దక్షిణ తెలంగాణకు పూర్తిగా కొత్తదేం కాదు. వానాకాలం పంట కోతలు అక్టోబర్, నవంబర్‌లో, యాసంగి కోతలు ఏప్రిల్ ప్రాంతంలో మొదలైతే మిర్యాలగూడ, హాలియా, దేవరకొండ, వనపర్తి దిక్కు చాలా రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉంటాయి. కల్లాలు చాలవు, తేమ తగ్గితే తప్ప కొనుగోలు కేంద్రంలో కాంటా కాదు. రైతుకు ఎండిన తారు రోడ్డే దిక్కు. ఆ గింజల మీదికి బైకు ఎక్కితే ఏమవుతుందో చూడని ఊరు ఉండదు. గుండ్రటి గింజలు టైరుకూ తారుకూ మధ్య బేరింగులోని గోళీల్లా దొర్లుతాయి. టైరు తారును తాకదు, గింజను తాకుతుంది.

నాట్ల రోజుల్లో పొలంలోంచి కేజ్ వీల్స్‌తో రోడ్డెక్కే ట్రాక్టర్ వదిలే రేగడి బురద, తొలకరి చినుకు పడగానే నెలల తరబడి పేరుకున్న ఆయిల్, దుమ్ము కలిసి తేలే జిడ్డు పొర, మన్ననూరు దాటాక శ్రీశైలం ఘాట్‌లో వానకు తడిసిన మలుపులు... ఇవన్నీ ఒకే కోవలోవి. టైరుకూ రోడ్డుకూ మధ్య మూడో వస్తువు ఏదో దూరుతుంది.

అయితే తేడా ఒకటుంది, అది చిన్నదేం కాదు. వడ్లు కంటికి కనిపిస్తాయి, పక్కన రాళ్లు పెట్టి ఉంటాయి, ఇరవై అడుగులు దాటితే మళ్లీ తారు వస్తుంది. బురద కూడా అంతే. బ్లాక్ ఐస్ కనిపించదు, కిలోమీటర్ల కొద్దీ పరుచుకుని ఉండొచ్చు. వడ్ల మీద జారిన బండికి రెండు క్షణాల్లో పట్టు తిరిగి దొరకొచ్చు, ఐసు మీద అది దొరికేసరికి రెయిలింగ్ వచ్చేస్తుంది. ఇక్కడ పదేళ్లు కారు నడిపిన అనుభవం అక్కడి మొదటి చలికాలంలో పూర్తిగా అక్కరకు రాకపోవడానికి ఇదే మూలం. నడపడం రాక కాదు. జారితే తేరుకోవచ్చు అని ఒళ్లు నేర్చుకున్న లెక్క ఇక్కడి రోడ్లది.

స్పోర్ట్స్ కారుకే ఎందుకు ఎక్కువ కష్టం

చదువైపోయి ఉద్యోగం దొరికాక, ఒక్కోసారి అంతకు ముందే, సెకండ్ హ్యాండ్‌లో ఫోర్డ్ మస్టాంగ్, షెవర్లే కమారో, డాడ్జ్ ఛాలెంజర్ లాంటివి కొనడం అక్కడి కుర్రాళ్లలో ఉన్నదే. ఇండియాలో అందని కారు అక్కడ అందే ధరకు దొరుకుతుంది. కోరికలో తప్పు లేదు. ఆ కారు దేనికోసం తయారైందన్నదే చూడాల్సింది.

మొదటి సంగతి బలం. మస్టాంగ్‌లో వీ8 ఇంజన్ ఉన్న ఇటీవలి జీటీ మోడళ్లకు 450కి పైగా హార్స్‌పవర్ ఉంటుంది. ఐసు మీద అందులో ఎంత పనికొస్తుంది? కారు బరువు 1,700 కిలోలు, అందులో సగానికి కాస్త తక్కువ వెనక చక్రాల మీద అనుకుందాం. గంటకు 36 కిలోమీటర్ల వేగం దగ్గర ఆ రెండు చక్రాలు ఐసు మీద జారకుండా మోయగలిగేది దాదాపు పది హార్స్‌పవర్. పదకొండోది రాగానే చక్రం జారి ఉన్నచోటే తిరుగుతుంది. మిగతా 440 ఎందుకూ పనికిరావు, పైగా హాని చేస్తాయి. నాటు మడిలో దిగబడ్డ ట్రాక్టర్‌ను గుర్తు చేసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఇంజన్ ఎంత మొత్తుకున్నా చక్రం బురదను చిమ్ముతూ అక్కడే తిరుగుతుంది, ఎక్సలేటర్ పెంచితే ఇంకా లోతుకు దిగుతుంది.

రెండోది, ఏ చక్రాలు నడుపుతున్నాయన్నది. మామూలు చిన్న కార్లలో ముందు చక్రాలే బండిని లాగుతాయి, ఇంజన్ బరువూ వాటి మీదే ఉంటుంది. అవి జారితే కారు మలుపు తిరగకుండా తిన్నగా పోతుంది. చెడ్డదే కానీ, ఎక్సలేటర్ మీద కాలు తీస్తే ముందు చక్రాలకు మళ్లీ కొంత పట్టు వస్తుంది. పాత తరహా స్పోర్ట్స్ కార్లలో వెనక చక్రాలు తోస్తాయి. మలుపులో అవి జారితే కారు వెనక భాగం బయటికి విసురుకుపోతుంది, బండి తన చుట్టూ తాను తిరగడం మొదలవుతుంది. భయంతో ఒక్కసారిగా కాలు తీసేస్తే ఇంకో చిక్కు. ఎక్సలేటర్ వదిలాక ఇంజనే బండిని వెనక్కి పట్టే ఇంజన్ బ్రేకింగ్ అంతా ఆ వెనక చక్రాల మీదే పడుతుంది, అదే సమయంలో కారు బరువు ముందుకు వంగి వెనక తేలికవుతుంది. అంటే సహజంగా చేసే పనే జారుడును పెంచుతుంది. ఎలక్ట్రిక్ కార్లలోనూ ఈ ప్రమాదం ఉంది. కాలు తీయగానే మోటారే బ్రేకులా పనిచేసే ఏర్పాటు వాటిలో బలంగా ఉంటుంది.

మూడోది టైర్లు. అన్నిటికంటే ముఖ్యం ఇదే, అన్నిటికంటే తక్కువ మాట్లాడుకునేదీ ఇదే. స్పోర్ట్స్ కార్లకు చాలాసార్లు ఎండాకాలం టైర్లే కంపెనీ నుంచి వస్తాయి. వాటి రబ్బరు వేడి రోడ్డు మీద జిగురులా అంటుకునేలా తయారవుతుంది. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కిందికి దిగితే ఆ రబ్బరు బిగుసుకుపోతుంది. గడ్డకట్టే చలిలో ప్లాస్టిక్‌లా మారి, కొన్ని రకాలు పగిలే ప్రమాదం కూడా ఉందని తయారీదారులే హెచ్చరిస్తారు. అంటే రోడ్డు మీద ఒక్క చుక్క ఐసు లేకపోయినా, నాలుగు డిగ్రీల పొడి ఉదయాన ఆ కారుకు అలవాటైన పట్టు ఉండదు. చలికాలం టైర్ల రబ్బరులో సిలికా పాలు ఎక్కువ, చలిలోనూ మెత్తగానే ఉంటుంది. టైరు నేలను తాకే పైభాగం మీద సన్నటి కోతలు వేలకొద్దీ ఉండి మంచును కొరుకుతాయి, నీటి పొరను పీల్చుకుంటాయి.

వెడల్పు కూడా ఇక్కడ ఎదురు తిరుగుతుంది. పొడి ట్రాక్ మీద మేలు చేసే వెడల్పాటి టైరు, కరిగిన మంచు బురదలో తేలిపోతుంది. సన్నటి టైరు దాన్ని కోసుకుంటూ కిందికి దిగుతుంది. ఇక కారు నేలకు అంగుళాల ఎత్తులో ఉండటం వల్ల లోతైన మంచులో పొట్ట ఆనుకుని చక్రాలు గాల్లో తిరిగే పరిస్థితీ వస్తుంది. డిక్కీలో ఇసుక బస్తాలు వేసుకుంటే వెనక చక్రాల మీద బరువు పెరిగి బయల్దేరడం సులువవుతుంది, నిజమే. ఆపాల్సిన బరువు కూడా అంతే పెరుగుతుంది.

నాలుగు చక్రాల డ్రైవ్ ఉంటే సమస్య తీరినట్టేనని చాలామంది అనుకుంటారు. బయల్దేరడానికి, ఎత్తెక్కడానికి అది బాగా పనికొస్తుంది. ఆగడం దగ్గర ఏమీ మారదు, ఎందుకంటే ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకే ఉన్నాయి. పైగా సులువుగా వేగం అందుకోవడం వల్ల రోడ్డు బాగానే ఉందన్న తప్పు నమ్మకం కలుగుతుంది. ఎండాకాలం టైర్లతో ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ కారు కంటే మంచి చలికాలం టైర్లున్న మామూలు చిన్న కారే ఐసు మీద ముందుగా ఆగుతుంది.

ఒకే తూము, మూడు కాల్వలు

జారుడు మొదలయ్యే క్షణాన్ని అర్థం చేసుకోవడానికి చెరువు తూము మంచి పోలిక. తూములోంచి వచ్చే నీళ్లు ఇన్నే. వాటిని మూడు కాల్వలు పంచుకుంటాయి: వేగం పెంచడం, బ్రేకు వేయడం, మలుపు తిరగడం. ఒక కాల్వకు ఎక్కువ వదిలితే ఇంకోదానికి తగ్గుతుంది. సాగర్ ఎడమ కాలువ చివరి ఆయకట్టు రైతుకు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు. టైరు పట్టు కూడా అంతే. పట్టంతా బ్రేకుకే పోతే స్టీరింగ్ ఎంత తిప్పినా కారు తిన్నగానే పోతుంది. మలుపులో ఉన్న పట్టంతా ఖర్చవుతుండగా ఎక్సలేటర్ కాస్త నొక్కినా వెనక చక్రం జారుతుంది.

పొడి రోడ్డు మీద చెరువు నిండుగా ఉన్నట్టు. రెండు మూడు పనులు ఒకేసారి చేసినా సరిపోతుంది. ఐసు మీద ఒక్కో పనికే చాలీచాలని నీళ్లు. అందుకే ఐసు డ్రైవింగ్ నేర్పేవాళ్లు ఒకసారికి ఒకే పని అంటారు. మలుపుకు ముందే, కారు తిన్నగా ఉన్నప్పుడే వేగం తగ్గించాలి. మలుపులో స్టీరింగ్ తప్ప మరేదీ కదపకూడదు. బయటపడ్డాకే మెల్లగా ఎక్సలేటర్.

వెనక భాగం జారడం మొదలైతే ఏం చేయాలన్నది అందరూ విన్నదే: వెనక ఏ వైపు పోతుంటే స్టీరింగ్ ఆ వైపే తిప్పాలి, చూపు వెళ్లాల్సిన దారి మీద ఉండాలి. చూపు ఎటు ఉంటే చేతులు అటే తిప్పుతాయి కాబట్టి రెయిలింగ్ వైపు చూసేవాళ్లు రెయిలింగ్‌కే తగులుతారు. అసలు ప్రమాదం మాత్రం దీని తర్వాత ఉంది. స్టీరింగ్ ఎదురు తిప్పి ఉండగా వెనక చక్రాలకు హఠాత్తుగా పట్టు దొరుకుతుంది. ముందు చక్రాలు ఇంకా పక్కకు తిరిగే ఉన్నాయి. దాంతో కారు గడియారం లోలకంలా రెండోవైపుకు మరింత బలంగా విసురుకుపోతుంది. చాలా ప్రమాదాల్లో కారు అదుపు తప్పేది ఈ రెండో ఊపులోనే. జారుడు ఆగుతున్న క్షణంలోనే స్టీరింగ్ తిన్నగా తేవాలి, ఆ టైమింగ్ చదివితే రాదు. ఖాళీ మైదానంలో చేసి చూడాల్సిందే. స్వీడన్, నార్వేల్లో లైసెన్సు రావాలంటే జారే ట్రాక్ మీద శిక్షణ తప్పనిసరి. అమెరికాలో మామూలు డ్రైవింగ్ టెస్టులో ఇది లేదు. ఆగస్టులో దిగిన విద్యార్థి సెప్టెంబర్ ఎండలో టెస్టు పాసయి, డిసెంబర్‌లో మొదటిసారి ఐసు చూస్తాడు.

ఎలక్ట్రానిక్స్ ఎంతవరకు కాపాడతాయి

చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ 1978లో, కారు తిరిగిపోతుంటే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి నిలబెట్టే స్టెబిలిటీ కంట్రోల్ 1995లో మార్కెట్లోకి వచ్చాయి. రెండూ జర్మన్ కంపెనీ బాష్ తయారు చేసినవే, రెండూ మెర్సిడెస్ కార్లలోనే మొదట కనిపించాయి. అమెరికాలో 2012 మోడల్ నుంచి అన్ని కార్లకూ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి. తక్కువ ధరకు దొరికిందని అంతకంటే పాత కారు కొనేవాళ్లు ఇది ఉందో లేదో చూసుకోవాలి.

ఇవి ప్రాణాలు కాపాడతాయి, అందులో సందేహం లేదు. కానీ ఉన్న పట్టును సరిగ్గా పంచడమే వాటి పని, లేని పట్టును అవి తేలేవు. తూము పోలికలో చెప్పాలంటే కాల్వలకు నీళ్లు వంతుగా వదిలే నీరటికాడు ఏబీఎస్. చెరువులోనే నీళ్లు లేకపోతే అతనేం చేస్తాడు? ఏబీఎస్ పనిచేస్తున్నప్పుడు బ్రేకు పెడల్ కాలి కింద గిలగిల కొట్టుకుంటుంది. అది తెలియక భయపడి కాలు తీసేస్తే ఆగే దూరం ఇంకా పెరుగుతుంది. పెడల్ గట్టిగా తొక్కి ఉంచాలి. స్పోర్ట్ మోడ్‌లో ఈ రక్షణలు కొంత సడలించి ఉంటాయి, బటన్ నొక్కి పూర్తిగా తీసేసే వీలు కూడా కొన్నిటిలో ఉంటుంది. చలికాలంలో స్నో లేదా వెట్ మోడ్ వాడితే ఎక్సలేటర్ స్పందన మెత్తబడుతుంది.

వంతెనలు, టెక్సస్ పాఠం

అమెరికా రోడ్ల పక్కన "రోడ్డు కంటే ముందు వంతెన గడ్డకడుతుంది" అన్న అర్థం వచ్చే బోర్డులు కనిపిస్తాయి. నేల మీది రోడ్డుకు కింది మట్టి వేడి కొంత అందుతుంది. వంతెనకు, ఫ్లైఓవర్‌కు పైనా కిందా చల్లగాలే. అందుకే మామూలు రోడ్డు మీద హాయిగా వచ్చిన కారు ఫ్లైఓవర్ ఎక్కగానే జారుతుంది.

2021 ఫిబ్రవరి 11న తెల్లవారుజామున టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్ దగ్గర ఐ-35 వెస్ట్ రహదారిపై జరిగింది ఇదే. గడ్డకట్టే వాన పడి, ఎత్తు మీదున్న టోల్ లేన్ల మీద ఐసు పేరుకుంది. 130కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, ఆరుగురు చనిపోయారు. ఆ వరుసలో భారీ ట్రక్కులూ ఉన్నాయి, చిన్న కార్లూ ఉన్నాయి. ముందు వాహనాలు ఆగిపోయాయని వెనక వచ్చేవాళ్లకు కనిపించినా ఆపడం వాళ్ల చేతుల్లో లేకపోయింది.

డాలస్, ఫోర్ట్‌వర్త్ ప్రాంతం తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో ఉన్నచోటు కాబట్టి ఈ ఉదాహరణ మనకు మరీ దగ్గరిది. "టెక్సస్‌లో ఏం చలి, ఎండలు మన నల్లగొండ లెక్కనే" అన్న మాట ఏడాదిలో ఎక్కువ రోజులు నిజం. సరిగ్గా అందువల్లే అక్కడ చలికాలం టైర్లు కొనేవాళ్లు అరుదు, మంచు ఎత్తే యంత్రాలు ఉత్తరాది రాష్ట్రాలతో పోలిస్తే తక్కువ, డ్రైవర్లకు అలవాటు లేదు. షికాగోలో నెలల తరబడి మంచు ఉంటుంది, దానికి తగ్గ ఏర్పాటూ ఉంటుంది. కెనడాలోని క్యుబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా చలికాలం టైర్లు లేకుండా కారు నడపడమే నేరం. ఎప్పుడో ఒకసారి ఐసు పడే ఊరిలో ఆ ఒక్క రోజే పెద్ద ప్రమాదాన్ని తెస్తుంది.

రోడ్ల మీద ఉప్పు చల్లడం గురించి కూడా ఒక మాట. ఉప్పు నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రతను కిందికి దించుతుంది. మైనస్ 9 డిగ్రీల దాకా మామూలు ఉప్పు బాగా పనిచేస్తుంది, ఆ కిందికి వెళ్తే మందగిస్తుంది. ఉప్పు చల్లారు కదా అన్న ధైర్యం అన్ని రోజులకూ సరిపోదు. అమెరికా ఫెడరల్ హైవే విభాగం చెప్పే సగటు ప్రకారం మంచు, ఐసు రోడ్ల మీద ఏటా 1,300 మందికి పైగా చనిపోతున్నారు.

ప్రమాదం తర్వాత బీమా లెక్క

మన దగ్గర థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే సొంత బండి రిపేరుకు పైసా రాదు. అక్కడ దానికి సమానమైనది లయబిలిటీ పాలసీ. ఐసు మీద జారి రెయిలింగ్‌కు కొట్టుకున్న కారుకు డబ్బు రావాలంటే కొలిజన్ అనే భాగం తీసుకుని ఉండాలి. కాంప్రహెన్సివ్ అన్న పేరు విని అన్నీ అందులోనే వస్తాయనుకోవడం మనవాళ్లలో మామూలు పొరపాటు. ఇండియాలో ఆ మాటకు అర్థం అదే కానీ, అమెరికాలో అది దొంగతనం, వడగళ్లు, చెట్టు విరిగి పడటం లాంటివాటికి. చిన్న వయసు, కొత్త లైసెన్సు, స్పోర్ట్స్ కారు మూడూ కలిస్తే ప్రీమియం బాగా పెరుగుతుంది. అందుకే ఖర్చు తగ్గించుకోవడానికి లయబిలిటీతో సరిపెట్టుకునేవాళ్లు ఉంటారు, ఒక్క జారుడుతో కారు విలువంతా పోగొట్టుకునేదీ వాళ్లే.

పోలీసు కోణం కూడా వేరు. బోర్డు మీద 65 మైళ్లు అని ఉన్నా, ఐసు ఉన్నరోజు 40తో వెళ్లి గుద్దితే పరిస్థితికి మించిన వేగం అని టికెట్ (చలానా) రాయొచ్చు. "లిమిట్ లోపలే ఉన్నాను" అన్నది అక్కడ జవాబు కాదు.

కారు కొనేముందు, బయల్దేరేముందు

టైరు పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచుపువ్వు బొమ్మ ఉంటే అది చలికాలం పరీక్ష నెగ్గిన టైరు. ఎం, ఎస్ అన్న అక్షరాలు మాత్రమే ఉంటే ఆ హామీ లేదు. అక్కడే నాలుగంకెల సంఖ్య ఉంటుంది, మొదటి రెండు టైరు తయారైన వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెప్తాయి. 3519 అంటే 2019లో 35వ వారం. సెకండ్ హ్యాండ్ కారు మెరుగులు చూసి మురిసే ముందు ఈ రెండూ చూడటానికి ఒక్క నిమిషం చాలు. చలికాలం టైర్లు వేస్తే నాలుగూ వేయాలి. తోసే చక్రాలకే కదా అని వెనక రెండే మారిస్తే, మలుపు తిప్పాల్సిన ముందు చక్రాలు ఐసు మీద మాట వినవు. ముందు రెండే మారిస్తే వెనక భాగం ఇంకా తేలిగ్గా విసురుకుపోతుంది. చలికి టైర్లలో గాలి కూడా తగ్గుతుంది. ఐదారు డిగ్రీలు పడిపోయిన ప్రతిసారీ దాదాపు ఒక పీఎస్‌ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత) తగ్గుతుంది కాబట్టి, మొదటి చలి ఉదయాన డ్యాష్‌బోర్డు మీద టైరు లైటు వెలగడం మామూలే.

ఇంటి నుంచి ఫోన్ చేసే తల్లిదండ్రులకు ఇవన్నీ గుర్తుండనక్కర్లేదు. "స్పీడుగ పోకు" అనే బదులు "బయట ఎన్ని డిగ్రీలుంది, ఏ టైర్లున్నయ్?" అని అడిగితే సంభాషణ సరైన చోట మొదలవుతుంది. చాలా కార్లలో బయటి ఉష్ణోగ్రత 3, 4 డిగ్రీలకు దిగగానే డ్యాష్‌బోర్డు మీద చిన్న మంచుపువ్వు గుర్తు వెలుగుతుంది. ఇంకా సున్నా కాలేదు కదా అని దాన్ని పట్టించుకోని వాళ్లే ఎక్కువ. ఆ అంకె కారు కొలిచిన గాలిది. రాత్రంతా ఆకాశంలోకి వేడి వదిలిన రోడ్డు అప్పటికే సున్నా కిందికి దిగి ఉండొచ్చు, ముందున్న ఫ్లైఓవర్ దానికంటే ముందే.